పాత అర్థాల మాస్టారి చెప్పుల చప్పుడు

మా బావకు కుర్చీ అచ్చిరాదు. మొట్టమొదట మా ఇంటికి వచ్చిన రోజున మా నాన్న కుర్చీ చూపించి కూర్చోమంటే, "పర్లేదండీ" అని నిలబడ్డాడు. ఆ నిలబడటం నిలబడటమే. ఇప్పుడు జుట్టు నెరిసింది, కళ్లద్దాలు మందమయ్యాయి, మెట్లెక్కితే మోకాళ్లు టకటకమంటున్నాయి, మనిషి మాత్రం ఇంకా కుదురుగా కూర్చోలేదు. అన్నం తింటూ తింటూ లేస్తాడు. ఎందుకు లేచాడని అడగక్కర్లేదు. ఏదో ఇంగ్లీషు మాట గుర్తొచ్చి ఉంటుంది. ఆ మాటకు ఇప్పుడున్న అర్థం ఆయనకు తెలుసు. దాంతో ఆయనకు పనిలేదు. నాలుగైదు వందల ఏళ్ల కిందట దాని అర్థం ఏమిటో కావాలి. ఎంగిలిచెయ్యి గాల్లో పెట్టుకుని, బీరువా మీదున్న లావుపాటి డిక్షనరీని ఎడంచేత్తో దింపి, గోరుతో పేజీలు తిప్పుతూ నిలబడతాడు. ఈలోపు కంచంలో కూర చల్లారిపోతుంది, మా అక్క వేడెక్కిపోతుంది.

వీధిలో ఆయన్ని పాత అర్థాల మాస్టారంటారు. చాటున కాదు, మొహం మీదే అంటారు. ఆయనకు కోపం రాదు. "అసలు మాస్టారంటే మొదట్లో ఏమిటో తెలుసా..." అని అందుకుంటాడు. ఈలోగా అన్నవాడు బండి స్టార్ట్ చేసుకుని సందు మలుపు తిరిగిపోయి ఉంటాడు.

ఆయన పనిచేసేది టైర్ల షాపు మీదున్న ట్యుటోరియల్లో. షాపూ ట్యుటోరియలూ ఒకే ఓనరువి. "కింద గాలి కొడతాం, పైన ఇంగ్లీషు కొడతాం" అని ఓనరు తనే జోకు వేసి తనే నవ్వుకుంటాడు. పక్కనుంచి ఇనుప మెట్లు. పైన ఒకే గది. కాళ్లు సమంగా లేని బల్లలు, మూలుగుతూ తిరిగే ఫ్యాను, ఒక తెల్లబోర్డు. ఎప్పుడో ఎవరో ఆ బోర్డు మీద చెరగని మార్కరుతో 'సైలెన్స్' అని రాశారు. అప్పట్నుంచి ఏ పాఠం రాసినా దాని వెనకాల ఆ మాట నీడలా కనిపిస్తూనే ఉంటుంది. సైలెన్సు మాత్రం లేదు. కింద గాలి మిషను ఆన్ చేసినప్పుడల్లా నేల వణుకుతుంది, పాఠం ఆగుతుంది, బావ మార్కరు పట్టుకున్న చేతిని గాల్లో అలాగే ఉంచి ఎదురుచూస్తాడు.

అక్కడికి వచ్చేవాళ్లందరికీ తొందరే. బట్టల షాపులో పనిచేస్తూ హోటల్ రిసెప్షన్లో చేరాలనుకునేవాళ్లు, ప్రమోషన్ పరీక్ష రాయాల్సిన క్లర్కులు, ఇంటర్వ్యూ తారీఖు జేబులో పెట్టుకుని తిరిగేవాళ్లు. నెల రోజుల బ్యాచ్. ఓనరు ఇచ్చిన కాగితంలో మాట, దాని ఎదురుగా అర్థం, అంతే. బట్టీ పట్టించి పంపెయ్యాలి.

బావ పద్ధతి వేరు. "మాటంటే మనిషోయ్. పుట్టుక దగ్గర్నుంచి వరసగా చెప్పుకుంటూ రావాలి. నడిమధ్యలో మొదలెడితే దానికి మర్యాదా?" అంటాడు. అందుకని ప్రతి మాటా పుట్టిన దగ్గర మొదలై, పాకి, నడిచి, పెరిగి, నెమ్మదిగా వస్తూ ఉంటుంది. ఈలోపు నెల అయిపోతుంది. ఒక బ్యాచ్‌లో మాటలన్నీ రాజులు గుర్రాల మీద తిరిగే కాలం దాకా వచ్చి ఆగిపోయాయి. ఇంకో బ్యాచ్ కాస్త చురుకైనది, ఆవిరి రైలు దాకా లాక్కొచ్చింది. మనకాలం దాకా ఏ బ్యాచ్చీ రాలేదు.

బట్టల షాపు కుర్రవాడొకడు ఒక పెద్ద హోటల్లో ఇంటర్వ్యూకి వెళ్లాడు. మేనేజరు ఎదురుగా చేతులు కట్టుకుని, "మీ హోటల్ చాలా ఆఫుల్‌గా ఉంది సార్" అన్నాడు. చూస్తేనే భయభక్తులు కలిగేంత గొప్పగా ఉందని వాడి ఉద్దేశం. ఒకప్పుడు ఆ మాటకు అదే అర్థం. పరమ దరిద్రంగా ఉందని ఇప్పటి అర్థం. మేనేజరుకు ఇప్పటిదే తెలుసు. వాడు సాయంత్రానికి తిరిగొచ్చి టైర్ల గుట్ట మీద కూర్చున్నాడు. ఓనరు బావను కిందికి పిలిచాడు.

"మాస్టారూ, నేనూ సెకండ్ హ్యాండ్ టైర్లమ్ముతా. కాదన్ను. కానీ వాటిని ఈ కాలం బళ్లకే బిగిస్తానండీ!"

బావ ఆ మాటకు నొచ్చుకోలేదు. వారం రోజులు ఆలోచించి, "టైరు అనే మాటకు మొదట్లో..." అంటూ కిందికి దిగాడు. ఓనరు గాలి మిషను ఆన్ చేశాడు.

మా అక్క పెద్దాసుపత్రిలో నర్సు. చేరిన కొత్తలో పగలు డ్యూటీలు వేశారు గానీ, తర్వాత రాత్రి డ్యూటీలు ఆమెను వదల్లేదు. తెల్లారాక వస్తుంది, కర్టెన్లు వేసుకుని పడుకుంటుంది. బావ ట్యుటోరియల్ నుంచి వచ్చేసరికి ఆమె జడ వేసుకుంటూ ఉంటుంది. ఆయన చెప్పులు విప్పుతుంటే ఆమె చెప్పులు వేసుకుంటుంది. వాళ్లిద్దరి కాపురం అంతా గుమ్మం దగ్గరే జరిగిందంటే అబద్ధం కాదు. నా కళ్లజోళ్ల షాపు మూసి, ఇంటికెళుతూ వాళ్లింట్లో టీ తాగడం నాకు అలవాటు గనక, ఆ గుమ్మం కాపురానికి నేనే సాక్షిని.

బావ వల్ల ఆమె ఆసుపత్రిలో పడిన ఇబ్బందులు ఇన్నీ అన్నీ కావు. ఒకసారి పెద్ద డాక్టరుగారికి ఏదో బిరుదు వచ్చిందని స్టాఫందరికీ కుటుంబాలతో సహా టీ ఇచ్చారు. బావ కప్పు పట్టుకుని నేరుగా ఆయన దగ్గరకే నడిచాడు.

"డాక్టరంటే అసలు అర్థం టీచరండీ. మీరు వైద్యానికి వాడుకోవడం తర్వాతెప్పుడో. ఆ లెక్కన మనిద్దరం ఒకే కులం" అన్నాడు సంతోషంగా.

పెద్దాయన కప్పు కింద పెట్టి, బావను పైనుంచి కిందికి చూశాడు. "మంచిదండీ. అయితే రేపు ఓపీ మీరు చూసేయండి. నాకు నడుంనొప్పిగా ఉంది."

అక్క ఆ సాయంత్రమంతా బిస్కెట్ల బల్ల వెనకాల నిలబడింది. ఇంటికొచ్చాక గిన్నెలు చప్పుడయ్యేలా సర్దింది. బావే ఉండబట్టలేక, "హజ్బెండ్ అంటే పూర్వం ఇల్లు చూసుకునేవాడని అర్థంలే" అని మాట మార్చబోయాడు. "అలాగా? గ్యాసైపోయి మూడ్రోజులైంది, చూసుకోండి" అంది.

ఇలా తిట్టుకుంటూ, ఎదురుపడీ పడకుండా బతుకుతున్న ఇంట్లోకి హెడ్ నర్సు పరీక్ష వచ్చిపడింది.

హెడ్ నర్సయితే రాత్రి డ్యూటీ ఉండదు. అక్కకు కావలసింది అదొక్కటే. హోదా కాదు, పెరిగే జీతం కూడా కాదు. "ఒక్కసారి చీకటి పడ్డాక పడుకుని తెల్లారాక లేవాలిరా తమ్ముడూ. అందరూ ఎలా పడుకుంటారో మర్చిపోయాను" అంటుంది. ఆమె కాళ్ల మీద నరాలు ఉబ్బి తాళ్లలా కనిపిస్తాయి. పరీక్షలో నర్సింగు భాగం ఆమెకు మంచినీళ్ల ప్రాయం. ఇంగ్లీషు మాటల అర్థాల భాగమొకటి ఉంది, అది విడిగా పాసవ్వాలి. అందులోనే ఆమె పోయినసారి పోయింది. గైడు కొనుక్కుని వార్డులో బట్టీ పట్టింది గానీ, నిద్రలేని బుర్రలో ఏదీ నిలవలేదు. పాత అర్థాల మాస్టారి పెళ్లాం ఇంగ్లీషులో తప్పిందని వీధంతా వారం రోజులు చెప్పుకుంది. ఈసారి ఆఖరుసారి. ఆ తర్వాత వయసు దాటిపోతుంది, పరీక్షకు కూర్చోనివ్వరు.

"ఈసారి నేను చెప్తాను" అన్నాడు బావ.

"మీరా?" అంది అక్క. నాకూ గొంతులో టీ అడ్డం పడింది.

"బట్టీ పడితే నిలవదే. కథలా చెప్తే నిలుస్తుంది. ట్యుటోరియల్ నుంచి ముందే వచ్చేస్తాను. రోజూ నువ్వు డ్యూటీకి వెళ్లేలోపు ఒక గంట."

అక్క నావైపు చూసింది. నేను టీకప్పు అడుగు చూసుకున్నాను. భార్యాభర్తల మధ్య సలహా చెప్పేవాడికి రెండువైపులా వాయింపే.

మర్నాటి నుంచి పాఠాలు మొదలయ్యాయి. ముందుగదిలో ఒకవైపు బీరువా, ఎదురుగా సందులోకి కిటికీ. మధ్యలో ప్లాస్టిక్ కుర్చీ. కుర్చీలో అక్క, ఒళ్లో ఎప్పుడూ ఏదో ఒక పని. బీరువాకూ కిటికీకీ మధ్య బావ. మడమనొప్పికని ఇంట్లో కూడా రబ్బరు చెప్పులు వేసుకుంటాడు. టపటపా అటు, టపటపా ఇటు. మలుపులో కుర్చీకాలు తన్నుకుని, "అబ్బా" అని, మళ్లీ టపటపా.

"నైస్" అన్నాడు మొదటిరోజు. "ఇప్పుడు బాగుందనడానికి వాడతారు. కానీ పుట్టినప్పుడు దాని అర్థం తెలివితక్కువ. ఏమీ తెలియనివాడు. పాపం, చాలాకాలం తిట్టులాగే బతికింది. తర్వాత నలతగా ఉండేవాళ్లను, ప్రతిదానికీ వంక పెట్టేవాళ్లను అన్నారు. ఆ తర్వాత సున్నితం అన్నారు..." అంటూ బీరువా దాకా వచ్చి దాన్ని ఆప్యాయంగా తట్టాడు.

మర్నాడు సిల్లీ. "మొదట్లో దాని అర్థం ధన్యుడు. దేవుడి దయ ఉన్నవాడు. తర్వాత అమాయకుడు అయ్యాడు. అమాయకుణ్ణి చూసి లోకం జాలిపడింది. జాలిపడ్డవాణ్ణి లోకం ఎన్నాళ్లు గౌరవిస్తుందోయ్..." గొంతు తగ్గిపోయింది. కిటికీ దగ్గర నిలబడి, సందులో ఎవరో ఆరేసిన దుప్పటి కేసి చూస్తూ, "ఇప్పుడు వెర్రివాడంటున్నారు" అన్నాడు. చుట్టం పోయిన కబురు చెబుతున్నట్టే ఉంది.

కథలు బాగానే ఉన్నాయి. విలన్ ఒకప్పుడు పొలంలో కూలి చేసుకునే మామూలు మనిషట. బలహీనుల్ని ఏడిపించే బుల్లీ ఒకప్పుడు ప్రియమైన మనిషట. మినిస్టరంటే నౌకరట. "అది మాత్రం మారలేదని చెప్పుకుంటారు" అన్నాను నేను. నర్సంటే పిల్లలకు పాలిచ్చి పెంచేదని చెబితే, "ఇప్పుడూ అంతేగా. పిల్లలకు మీసాలొచ్చాయంతే" అంది అక్క. నవ్వుకున్నాం. కానీ గోడమీద క్యాలెండరు నవ్వడం లేదు. పరీక్ష దగ్గరపడుతోంది. గైడులో మాటలు బస్సు కోసం నిలబడ్డ జనంలా పేజీల కొద్దీ ఉన్నాయి. బావ రోజుకు ఒకదాన్నో రెండింటినో చెయ్యిపట్టుకుని నడిపించుకొస్తున్నాడు.

ఒక సాయంత్రం అక్కకు ఓపిక నశించింది.

"ఏమండీ, ఈ మాట మనింటికి ఎన్నో ఏట చేరుతుంది?"

"వస్తోందే, ఇంకో రెండొందల ఏళ్లే."

"డ్యూటీకి టైమైంది! మేం షిఫ్టు మారేటప్పుడు పేషంటుని ఎలా అప్పగిస్తామో తెలుసా? ఇప్పుడెలా ఉన్నాడు, జ్వరమెంత, ఏం మందు పడుతోంది. ముందు అది. వాడి తాత ఎవరు, చిన్నప్పుడు ఎక్కణ్ణుంచి పడ్డాడు, అవన్నీ తర్వాత, తీరికుంటే. మీలాగ పుట్టిన దగ్గర్నుంచి మొదలెడితే, పురుడు దాకా వచ్చేసరికే పేషంటు పోతాడు."

బావ నిలబడిపోయాడు. నిజం ఎదురుగా వచ్చి నిలబడితే ఎవరైనా అంతే. "సరే. రేపట్నుంచి నీ పద్ధతే" అన్నాడు.

మర్నాడు ఆయన పాఠం చూడలేకపోయాను. గైడు చేతిలో పట్టుకుని నిలబడి, "ప్రెట్టీ. అందమైన" అన్నాడు. ఆగాడు. అక్క "ఊఁ" అంది. "అంతే. అందమైన." ఇంకో మాట చెప్పాడు. అర్థం చెప్పాడు. ఆగాడు. చెప్పులు చప్పుడు చేయలేదు. మనిషి మొట్టమొదటిసారిగా వెళ్లి మంచం అంచున కూర్చున్నాడు. ఆయన కూర్చోవడం చూడగానే నాకు భయమేసింది. కీ అయిపోయిన గడియారంలా ఉన్నాడు. అక్క గైడులో వేలు పెట్టి, "దీనికేంటి?" అంటే అర్థం చెబుతున్నాడు, రేషన్ షాపులో కిరోసిన్ కొలిచినట్టు. రెండు పేజీలు గడిచాయి. అక్క ఆయన మొహం చూసింది. మళ్లీ గైడు చూసింది. మళ్లీ మొహం చూసింది.

"ప్రెట్టీ మొదట్లో ఏమిటి?" అంది.

"ఇప్పుడెందుకులే. టైం లేదుగా."

"అడిగినదానికి చెప్పండి."

"జిత్తులమారి" అన్నాడు బావ, చిన్నగా. అంటూనే లేచాడు. "జిత్తులమారి, టక్కరి. ఆ తర్వాత తెలివైనది అన్నారు. తెలివైనదానిలో ఓ అందముంటుంది కదా, అలా అలా..." టపటపా బీరువా వైపు నడిచాడు. అక్క గైడు మూసి పక్కన పెట్టేసింది.

ఆ రోజు ఆమె డ్యూటీకి వెళ్తుంటే గుమ్మం దగ్గర అడిగాను. "అక్కా, ఇలాగైతే పరీక్ష?"

"ఏం చెయ్యమంటావురా? ఆయన నోరు మూయిస్తే పరీక్ష పాసవుతానేమో. పాసై పగలంతా ఆ మొహం చూస్తూ కూర్చోవాలా?" అని బ్యాగు భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

ఆమె అలా వదిలేసిందే గానీ, ఇంట్లో కుదురు పోయింది. అక్క నిద్రలో మాటలు కలవరిస్తోందని బావ బెంగపడ్డాడు. బావ రోడ్డు దాటుతూ తనలో తాను గొణుక్కుంటున్నాడని ఓనరు నాకు కబురు పెట్టాడు. ఇద్దరూ నాలుగు మెతుకులు తిని లేచేవారు. ఎంత పరుగెత్తించినా బావ మాటలు దారిలో పూలు చూసుకుంటూనే వస్తున్నాయి. గైడులో ముప్పావు వంతు తాకనైనా లేదు.

పరీక్ష రేపనగా అక్క మధ్యాహ్నం దాకా ఆసుపత్రిలోనే ఉండిపోయింది. ఎవరో రాలేదని రాత్రి డ్యూటీకి పగలు డ్యూటీ తగిలించారు. నేను సాయంత్రం వెళ్లేసరికి కుర్చీలో కూర్చుని, మర్నాడు వేసుకునే జాకెట్టుకు హుక్కు కుడుతోంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

బావ బీరువా దగ్గర మొదలెట్టాడు. "ఎగ్రీజియస్. దీని పుట్టుక వినవే. ఒక గొర్రెల మంద. అన్నీ ఒకేలా ఉన్నాయి. అందులోంచి ఒక గొర్రె విడిగా వచ్చి నిలబడింది. మందలో కలవదు. మిగతావాటికంటే మేలైనది. అందుకని పదిమందిలో మేటిగా ఉన్నవాణ్ణి ఎగ్రీజియస్ అన్నారు. పెద్ద పొగడ్త. పండితుల్ని, వీరుల్ని..." టపటపా కుర్చీ దాటి నడిచాడు. కిటికీ చువ్వ పట్టుకుని, "కానీ మందలోంచి విడిగా నిలబడితే ఊరుకుంటుందా లోకం..." అంటూ వెనక్కి తిరిగాడు.

అక్క తల గోడకు ఆనింది. సూది వేళ్ల మధ్య అలాగే ఉంది. నోరు కొంచెం తెరుచుకుంది.

బావ నావైపు చూసి నోటిమీద వేలు పెట్టుకున్నాడు. వంగి చెప్పులు విప్పి, రెండూ చేత్తో పట్టుకుని, ఉత్త కాళ్లతో, దొంగలా గోడవారగా వచ్చాడు. ఆమె వేళ్లలోంచి సూది తీసి జాకెట్టుకు గుచ్చాడు. ఫ్యాను కొంచెం తగ్గించాడు.

"లేపు బావా, ఒక్క ముక్కేగా" అన్నాను గొంతు తగ్గించి.

"లేపనా? నువ్వు లేపుతావా?"

నేనూ లేపలేదు.

"ఇన్ని వేల మాటల్లో ఇదే వస్తుందా ఏం" అన్నాడు. కానీ ఆయన మొహంలో ఆ గొర్రె నిలబడే ఉంది.

మర్నాడు పొద్దున నేను కూడా వెళ్లాను. అక్క ఇంటి గుమ్మంలోనే షరతు పెట్టింది. "బుర్ర నిండుకుండలా ఉంది. పరీక్ష అయ్యేదాకా నా ఎదురుగా ఎవరూ ఇంగ్లీషు ముక్కెత్తకూడదు. ముఖ్యంగా మీరు." బస్సులో బావ నిలబడే వచ్చాడు, సీట్లు ఖాళీగా ఉన్నా. మూడుసార్లు నోరు తెరిచాడు, మూడుసార్లు మూశాడు. వేడి బంగాళాదుంప నోట్లో పెట్టుకున్నవాడిలా ఉన్నాడు. పరీక్ష కేంద్రం గేటు దగ్గర ఇక ఆగలేకపోయాడు.

"ఏమోయ్, రాత్రి ఆ గొర్రె..."

"గొర్రె లేదు బర్రె లేదు! నోరు మూసుకోండి!" అని అక్క గేటులోకి వెళ్లిపోయింది. చుట్టూ ఉన్న నర్సులంతా మావైపు చూశారు. ఒకావిడ బావను చూసి, "పాపం, పశువుల డాక్టరేమో" అంది పక్కావిడతో.

మేం బయట ఉండిపోయాం. బావ గేటు నుంచి కరెంటు స్తంభం దాకా, స్తంభం నుంచి గేటు దాకా తిరగడం మొదలెట్టాడు. వాచ్‌మన్ కాసేపు చూసి, స్టూలు తెచ్చి వేశాడు. "కూర్చో పెద్దాయనా, నాకు కళ్లు తిరుగుతున్నాయి."

"పర్లేదండీ."

"అమ్మాయి రాస్తోందా?"

"భార్య."

"ఓహో" అని వాచ్‌మన్ స్టూలు మీద తనే కూర్చున్నాడు. "అయితే కష్టమే."

"బామ్మర్దీ" అన్నాడు బావ నా దగ్గరకొచ్చి. "నా పద్ధతి మంచిదే కదా?"

ఏం చెప్పను? "మంచిదే బావా. కొంచెం పొడుగు" అన్నాను. ఆయన తల ఊపి మళ్లీ స్తంభం వైపు వెళ్లాడు. ఈసారి నేనూ ఆయన వెంట తిరిగాను. కూర్చుంటే నాకూ గొర్రే కనిపిస్తోంది.

గంట కొట్టారు. గుంపులో అక్క వచ్చింది. ఆమె మొహం చూసి ఏమీ కనిపెట్టలేం, ముప్ఫై ఏళ్లుగా రోగుల బంధువుల ముందు నిలబడ్డ మొహం. బావ మిగతా ఏదీ అడగలేదు.

"గొర్రె వచ్చిందా?"

"వచ్చింది."

బావ గేటు పట్టుకున్నాడు. అక్క బ్యాగులోంచి నీళ్ల సీసా తీసి, తీరిగ్గా తాగి, మూత బిగించింది.

"నాలుగు అర్థాలిచ్చాడు. మొట్టమొదటే 'మేటియైన' అనుంది. అది మీరు చెప్పిందే, చేతిలో పెట్టినట్టుంది. మూడోది 'సిగ్గుచేటైన, మహా ఘోరమైన' అనుంది."

"ఏది పెట్టావే?"

"మేటియైన దగ్గర పెన్ను పెట్టాను..."

బావ కళ్లు మూసుకున్నాడు.

"పెట్టి ఆగాను. నేను నిద్రలోకి జారిపోతున్నప్పుడు మీ చెప్పులు వినపడ్డాయి. టపటపా కిటికీ వైపు వెళ్లాయి. మళ్లీ ఇటు రాలేదు. మీరు కిటికీ దగ్గరకెళ్లారంటే ఆ మాటకు మూడినట్టే. సిల్లీకి కిటికీ, విలన్‌కి కిటికీ, బుల్లీకి కిటికీ. బాగుపడే మాటైతే బీరువా దగ్గరకొచ్చి దాన్ని తడతారు. పొద్దున పక్కగదిలో పడుకుని, మీరు ట్యుటోరియల్‌కి పాఠం వల్లెవేసుకుంటుంటే ఇన్నేళ్లుగా వింటున్నాను, ఆమాత్రం తెలీదూ? ఆ గొర్రె పని కూడా అయిపోయిందనుకుని మూడోది పెట్టాను."

"నేనా? కిటికీ వైపా?" అన్నాడు బావ. చెవులు ఎర్రబడ్డాయి. ఇన్నేళ్లు తను మాటల గుట్టు చెబుతున్నాననుకుంటే, చెప్పులు తన గుట్టు చెప్పేశాయి.

నేను మాత్రం ఆ సాయంత్రం ఉత్తకాళ్లతో దొంగలా వచ్చిన మనిషినే తలుచుకున్నాను. ఆమె నిద్ర చెడుతుందని ఆ చెప్పులు విప్పి ఉండకపోతే, టపటపా బీరువా దాకా వచ్చేసి ఉంటే, మేటిగొర్రె మేటిగానే ఉండిపోయేది. ఆ సంగతి వాళ్లిద్దరికీ నేను చెప్పలేదు. కొన్ని బామ్మర్ది దగ్గర ఉంటేనే బాగుంటుంది.

ఫలితాలు ఆసుపత్రి గోడమీద అంటించారు. అక్క ఇంగ్లీషులో సరిగ్గా గీత మీద నిలబడి పాసైంది. ఒక్క మాట తప్పినా రాత్రి డ్యూటీయే. ఓనరు ఈ కబురు విని, ట్యుటోరియల్ బోర్డు మీద తన భార్యనే పాస్ చేయించిన మాస్టారని రాయిస్తానన్నాడు. అక్క ఒప్పుకోలేదు.

పగలు డ్యూటీ వచ్చిన వారంలో ఒక సాయంత్రం వెళ్లాను. ఇద్దరూ ఇంట్లో ఉన్నారు. ఆ వేళకు వాళ్లిద్దర్నీ ఒక్కచోట చూడటం నాకే కొత్తగా ఉంది, వాళ్లకూ కొత్తగానే ఉన్నట్టుంది. అక్క మంచం మీద నడుం వాల్చింది. బావ బీరువా పిడి గట్టిగా పట్టుకుని, బిగుసుకుని నిలబడ్డాడు.

"మార్షల్" అన్నాడు. ఆగాడు. "మొదట్లో దాని అర్థం..." ఆగాడు. కాళ్లకేసి చూసుకున్నాడు. చెప్పులు కదులుతాయేమోనని కాపలా కాస్తున్నాడు. గొంతు రావడం లేదు.

"ఏమైంది?" అంది అక్క.

"ఏం లేదు. నిలబడి చెప్పడం నేర్చుకుంటున్నాను. ముందే తెలిసిపోతోందంటివిగా."

అక్క లేచింది. గది మధ్యలో ఉన్న ప్లాస్టిక్ కుర్చీని ఎత్తి తలుపు మూలకు జరిపింది. బీరువా నుంచి కిటికీ దాకా దారి చదునుగా పరుచుకుంది.

"నడవండి" అని మళ్లీ పడుకుని కళ్లు మూసుకుంది.

"మొదట్లో గుర్రాల కొట్టంలో పనివాడు" అన్నాడు బావ. అంటూ, ఏం తోచక, కిటికీ వైపు రెండడుగులు వేశాడు. అక్క కనుబొమ్మలు ముడిపడ్డాయి. "గడ్డి వేసేవాడు, మాలీషు చేసేవాడు..." మరో అడుగు. ఆగాడు. తర్వాత చెప్పులు గిరుక్కున తిరిగి, టపటపా, టపటపా, ఇటు రావడం మొదలెట్టాయి.

"హమ్మయ్య, బాగుపడ్డాడు" అంది అక్క కళ్లు తెరవకుండానే. పనివాడు సేనాధిపతి అయ్యి, బావ బీరువాను తట్టిన చప్పుడు వినపడేసరికి ఆమె నిద్రపోయింది.